తడి చేతులకి సరిపోయే తుపాకీ

తుపాకుల కొట్లో గల్లాబల్ల మీద అగ్రఫేనా తన సంచి విప్పింది. అందులోంచి నారింజరంగు వానకోటు తీసింది, రబ్బరు ప్యాంటు తీసింది, పడవలో వేసుకునే లైఫ్ జాకెట్ తీసింది, చివరికి చేపలు కోసేటప్పుడు తొడుక్కునే చేతితొడుగులు కూడా తీసింది. వాటిని ఎంత కడిగినా పోని చేపవాసన కొట్టంతా పరుచుకుంది. గాలాలు చూస్తున్న ఇద్దరు కొనుగోలుదార్లు తలలు తిప్పారు. మరిది మకార్ మాత్రం తను ఆవిడతో రానట్టు గోడకి వేలాడదీసిన వలతాళ్ళ వైపు నడిచాడు.

"వదినా, కొట్టు కప్పు కారడం లేదు" అన్నాడు అటు తిరిగే.

అగ్రఫేనా తన పనిలో తనుంది. కోటు వేసుకుంది, ప్యాంటు పట్టీలు భుజాల మీదికి లాక్కుంది, దాని మీద లైఫ్ జాకెట్ బిగించింది. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి ఫేనా అనే పిలుస్తారు. పొట్టి మనిషి, చేతులు ఇంకా పొట్టి. ఇన్ని తొడిగాక పీపాలా తయారైంది. అప్పుడు కొట్టు యజమాని వైపు తిరిగి, గిన్నెలు కడిగే సబ్బునీళ్ళు ఏమైనా ఉన్నాయా అని అడిగింది.

ఈనార్ అనే ఆ ముసలాయన కోడియాక్ పట్నంలో చాలాకాలంగా తుపాకులు అమ్ముతున్నాడు. రకరకాల మనుషుల్ని చూసుంటాడు. ఎందుకని అడగకుండా వెనక గదిలోకి వెళ్ళి సబ్బు సీసా తెచ్చిచ్చాడు.

అడిగినా ఫేనా చెప్పగలిగేది కాదు. కిందటి ఆగస్టు సంగతి ఇంట్లో మొగుడూ పెళ్ళామే పూర్తిగా మాట్లాడుకోలేదు, పట్నంలో ఏం చెబుతుంది.

కోడియాక్ దీవికి దక్షిణాన, ఊరికి దూరంగా, ఒక సన్నని వాగు సముద్రంలో కలిసేచోట వాళ్ళ వేసవి మకాం ఉంది. చెక్క గుడిసె, దాని పక్కన పొగగది, వాగు ఒడ్డున చేపలు కోసే బల్ల, ఒడ్డు నుంచి నీళ్ళలోకి కట్టే వల. ఫేనా కొత్త కోడలిగా అడుగుపెట్టిన తొలి ఇల్లు నిజానికి అదే. ఊళ్ళో ఇంట్లోకి తర్వాత వెళ్ళింది. ఏ చెక్కతో పొగ పెట్టాలో, పొగ ఎప్పుడు తగ్గించాలో, ముక్కని వేలితో నొక్కి ఎలా తెలుసుకోవాలో అత్తగారు నేర్పింది ఆ పొగగదిలోనే. అత్తగారు పోయాక ఆ నిప్పు ఫేనా చేతికి వచ్చింది. చలికాలమంతా రెండిళ్ళవాళ్ళు తినే చేప, ఊళ్ళో ముసలివాళ్ళకి పంచే చేప, ఈస్టరుకి కాల్చే పిరోక్ రొట్టె లోపల పెట్టే చేప అన్నీ అక్కడివే.

వల మగవాళ్ళది, కత్తి ఆడవాళ్ళది. తుపాకీ మాత్రం గుడిసె తలుపు పక్కన మేకుకి వేలాడేది. ఆ మేకు ఫేనా భర్త స్టీపన్ ఎత్తుకి కొట్టింది. ఆవిడకి ఎప్పుడూ అందలేదు. అందుకోవలసిన పనీ రాలేదు.

కిందటేడు వల లాగుతుంటే స్టీపన్ కుడిభుజంలో కండరం తెగింది. చెయ్యి మెడకి కట్టుకుని కూడా పడవలో కూర్చుని వలలోంచి చేపలు విడదీస్తూ ఉండేవాడు. ఒక మధ్యాహ్నం అతను నీళ్ళమీద ఉండగా పొగగది దగ్గరికి ఎలుగు వచ్చింది. ఫేనా చేపల పెట్టె లాక్కుని, దాని మీదికెక్కి, మేకు మీంచి తుపాకీ దింపింది. ఎలుగు ముందు గులకరాళ్ళలోకి ఒకటి పేల్చింది. ఎలుగు కదల్లేదు. రెండో తూటా ఎక్కించడానికి ముందుపిడిని వెనక్కి లాగింది. అది పంపు తుపాకీ. పిడి పూర్తిగా వెనక్కి వస్తేనే ఖాళీ తూటా బయటికి దూకుతుంది, పూర్తిగా ముందుకి పోతేనే కొత్తది గొట్టంలో కూర్చుంటుంది. ఆవిడ చేతులకి చేపజిగురు ఉంది. చేయి వెనక్కి వచ్చింది, పిడి పూర్తిగా రాలేదు. వచ్చిందనుకుని ముందుకి తోసి మీట నొక్కింది.

టిక్కుమంది. అంతే.

బట్టలారేసుకునే తాడంత దూరంలో ఎలుగు నిలబడి ఆవిణ్ణి చూసింది. తర్వాత తీరిగ్గా ఒక దండెం చేపలు ఊడబెరుక్కుని వెళ్ళిపోయింది. ఫేనా తల తిప్పేసరికి స్టీపన్ ఒంటిచేత్తో తెడ్డు వేస్తూ ఒడ్డుకి వస్తున్నాడు. అతని ముఖం చూస్తే అంతా చూశాడని తెలిసింది. తుపాకీ తీసుకుని ఇరుక్కున్న తూటాని వేలితో తోసి తీశాడు. తుపాకీని మళ్ళీ మేకుకి తగిలించాడు.

శీతాకాలంలో, బాన్యాలో ఆవిరిస్నానం ముగించి ముందుగదిలో టీ తాగుతున్నప్పుడు ఆ మాటెత్తాడు. భుజం ఇక తుపాకీ ఎత్తదని డాక్టరు తేల్చేశాడట. మకాం, వల తమ్ముడికి ఇచ్చేద్దామన్నాడు. తుపాకీ పట్టే మనిషి లేకుండా ఫేనాని ఆ ఒడ్డున ఒక్క పూట కూడా ఉండనివ్వనన్నాడు.

"నేను పడతాను" అంది ఫేనా.

"ఎలా పట్టావో చూశాను కదా."

ఆ మాట బాన్యాలో కాలిన రాళ్ళకన్నా ఎక్కువ కాల్చింది. ఫేనా టీకప్పు పక్కన పెట్టి, "నేను పట్టింది నీ తుపాకీ. నాది కాదు" అంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. తుపాకీ ఎంపికలో మకార్ సాయం తీసుకోవాలి. వల వేసే ముందు ఒడ్డున స్టీపన్ ఎదుట పేల్చి చూపించాలి. అతనికి నమ్మకం కుదరకపోతే మకాం మకార్‌ది. మకార్ చెడ్డవాడు కాదు. అన్న భుజం తెగినప్పుడు ఏడ్చినవాడు. కానీ అతనికి సొంత వల లేదు, ఆ వాగు మీద ఎప్పటినుంచో కన్ను ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

అందుకే ఇప్పుడు కొట్లో మకార్ ఏది చూపించినా ఫేనా దాన్ని అనుమానంగానే చూస్తోంది.

అతను మొదట తీయించింది పొడుగాటి నల్ల తుపాకీ. భుజానికి ఆనించే మడమ దగ్గర్నుంచి పిడిదాకా ప్లాస్టిక్కు. ఉప్పుగాలికి పాడవదు, బరువు తక్కువ, ఊళ్ళో కుర్రాళ్ళంతా అదే కొంటున్నారని చెప్పాడు. ఈనార్ దాంట్లో మందులేని ఉత్తుత్తి తూటాలు నింపి ఇచ్చాడు. ఫేనా తొడుగుల మీద సబ్బునీళ్ళు పోసుకుని రెండు చేతులూ రుద్దుకుంది.

"కొనే ముందు స్నానం చేయిస్తుంది మా వదిన" అన్నాడు మకార్. గాలాల దగ్గరున్నవాళ్ళు నవ్వారు.

ఖాళీ గోడ వైపు తిరిగి ఫేనా తుపాకీ భుజానికి ఆనించింది. కళ్ళు మూసుకుంది. మీట నొక్కి పిడి లాగింది. సబ్బుచెయ్యి జర్రున జారింది. మళ్ళీ లాగింది. ఈసారి తూటా సగం బయటికి వచ్చి నోట్లో ముద్దలా ఆగిపోయింది. ఆగస్టు మధ్యాహ్నం మళ్ళీ కళ్ళముందు నిలబడింది. తుపాకీ బల్లమీద పెట్టేసింది.

ఈనార్ రెండోది తెచ్చాడు. చిన్నది, సన్నగొట్టం. అది ఆవిడ చేతిలో సొంత కత్తిలా ఇమిడిపోయింది. కోటు మీద కూడా మడమ సరిగ్గా కూర్చుంది. సబ్బుచేతితో లాగినా తూటాలు ఒకదాని వెనక ఒకటి నేలమీదికి దూకాయి. ఆవిడకి దాన్ని దించబుద్ధి కాలేదు. ఇదే తీసుకుని ఊరికెళ్ళే చిన్న విమానం ఎక్కేయాలనిపించింది.

మకార్ నవ్వు ఆగిపోయింది. "బాతుల వేటకి బాగుంటుంది" అన్నాడు.

అది వెక్కిరింపు కాదని ఫేనాకి తెలుసు. ఈనార్ కూడా అబద్ధం చెప్పలేదు. మన ఒడ్డు ఎలుగుకి ఈ తూటా చాలుతుందని నేను చెప్పలేనమ్మా, దీన్ని పక్కన పెట్టుకుని నేనైతే నిద్రపోను అన్నాడు. ఫేనా దాన్ని నెమ్మదిగా బల్లమీదికి దించింది. దించాక కూడా కాసేపు చెయ్యి దాని మీదే ఉంచింది.

ఇంతలో విమానం నడిపేవాడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. కనుమ మీద పొగమంచు దిగుతోందట. ఇంకాసేపట్లో బయల్దేరకపోతే ఇవాళ్టికి లేనట్టే. వలలు వేసే రోజు దగ్గరపడింది. ఇప్పుడు వట్టిచేతులతో వెళితే మళ్ళీ పట్నం రావడం కుదరదు. మకార్ నల్లదాన్ని చూపిస్తూ, జారితే ఏదో ఒక పట్టీ అతికిద్దాంలే, ఇది కట్టించెయ్ అన్నాడు.

ఫేనా చూపు మూల అరలో ఉన్న పాత తుపాకీ మీద పడింది. మడమా, పిడీ చెక్కవి. గొట్టం మీద ఉప్పు తిన్న మచ్చలు. ఎవరో పడవవాళ్ళు వదిలించుకున్నదట. తీసి లాగి చూసింది. లోపల అంతా నూనె రాసినట్టు నడుస్తోంది, తూటా లావుదే. కాని మడమ పొడుగు. కోటు మీద పెడితే చెయ్యి పూర్తిగా చాపినా పిడి చివరిదాకా తోయడానికి బలం చాలడం లేదు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చెక్క. ఇంట్లో తెడ్లు చెక్కవే. పొడుగైతే కోస్తారు, జారితే తారు పూసిన పురితాడు, తారుపురి, చుడతారు.

"దీని మడమ కోయొచ్చా?"

"కోయొచ్చు. కోశాక మాత్రం వెనక్కి తీసుకోను" అన్నాడు ఈనార్.

మకార్ దగ్గరికి వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. "కోయించకు వదినా. కోస్తే ఇంకెవరికీ పనికిరాదు. రేపు నేనెలా పట్టుకోను దాన్ని?"

మాట బయటపడ్డాక అతని ముఖం ఎర్రబడింది. ఫేనా మరిది వైపు చూసింది. ఆవిడ గొంతులో కోపం లేదు.

"నువ్వు పట్టుకోడానికి కాదు మకార్ కొంటున్నది."

ఈనార్ టేపు తీశాడు. కోటు విప్పండమ్మా, కొలుస్తాను అన్నాడు. ఫేనా విప్పలేదు. ఎలుగు వచ్చినప్పుడు ఈ కోటే ఉంటుంది నా ఒంటిమీద, దీని మీదే కొలవండి అంది. ముసలాయన ఒక్కక్షణం ఆగి, తల ఊపి, లైఫ్ జాకెట్ మీద మడమ ఆనించి పెన్సిలుతో గీత గీశాడు. రంపం చెక్కలో దిగుతున్నంతసేపూ ఫేనా కిటికీలోంచి కొండ మీద పొగమంచునే చూస్తూ నిలబడింది. తెగిన ముక్క నేలమీద పడ్డ చప్పుడుకి మాత్రం వెనక్కి తిరిగింది. ముసలాయన చివర రబ్బరు పట్టీ తిరిగి బిగించి చేతికిచ్చాడు. ఫేనా కోటు విప్పకుండానే విమానం దగ్గరికి పరుగెత్తింది.

ఊరికి వచ్చాక ముందుపిడికి తారుపురి చుట్టింది. తెడ్లకి చుట్టినట్టే, సందు లేకుండా, ఆ చివర నుంచి ఈ చివరదాకా. ఎంతో ఓపికగా చుట్టింది. ఆ ఓపికే కొంప ముంచబోయింది.

మకాం చేరిన మొదటిరోజే పరీక్ష. బోర్లించిన బకెట్టు మీద స్టీపన్ కూర్చున్నాడు. మకార్ తన పడవ ఒడ్డుకి లాగి దానికి ఆనుకుని నిలబడ్డాడు. ఫేనా చేతితొడుగుల్ని చేపల తొట్టిలో ముంచి జిగురు పట్టించింది. దూరంగా తుప్పుపట్టిన డబ్బా. మొదటిది పేల్చింది. భుజం అదిరింది. పిడి లాగింది. ఈసారి చెయ్యి జారలేదు. కానీ పిడే దారిలో దేన్నో గుద్దుకుని ఆగిపోయింది. ఆవిడ తోసి మీట నొక్కింది.

టిక్కుమంది.

స్టీపన్ లేచాడు. పడవ వైపు నడవడం మొదలుపెట్టాడు. మకార్ నీళ్ళకేసి చూశాడు. ఫేనా ఇంకోసారి లాగి చూసింది, మళ్ళీ అక్కడే ఆగింది. తుపాకీ గొట్టం సముద్రం వైపే ఉంచి పిడి కేసి చూసింది. పురి చివరి చుట్లు. పిడి వెనక్కి వచ్చేటప్పుడు దాని చివర తుపాకీ ఇనపపెట్టె పక్కకి దూరాలి. మొదటి తూటాని మెల్లగా ఎక్కించినప్పుడు ఎలాగో దూరింది కానీ, విసురుగా లాగేసరికి అక్కడిదాకా చుట్టిన పురి మడతపడి దూరనివ్వడం లేదు. తెడ్డుకి వెనక్కీ ముందుకీ పోయే పనేముంది? తెడ్డు అనుకుని చుట్టేసింది.

"స్టీపన్, కూర్చో" అంది.

ఆ గొంతుకి అతను ఆగాడు. ఫేనా తూటాలన్నీ తీసేసి, నడుముకున్న చేపకత్తితో చివరి చుట్లు కోసి, మిగిలిన కొసని ముడివేసింది. మళ్ళీ నింపింది. మళ్ళీ చేతులు తొట్టిలో ముంచింది. పేల్చింది, లాగింది, తోసింది. పేల్చింది, లాగింది, తోసింది. ఖాళీ తూటాలు గులకరాళ్ళ మీద గలగలమన్నాయి. అన్నీ అయిపోయాక డబ్బా పక్కకి ఒరిగి ఉంది.

స్టీపన్ డబ్బాని చూశాడు. "డబ్బా నీ మీదికి నడిచి రాదు కదా" అన్నాడు. ఆగస్టు దాకా చూద్దామన్నాడు. మకార్ అప్పటిదాకా వలపనికి వచ్చిపోతుంటాడట. అది అవునో కాదో ఫేనాకి అర్థం కాలేదు. తుపాకీని తలుపు పక్క మేకుకి తగిలించడానికి చేపల పెట్టె లాక్కుంది.

ఆగస్టు వచ్చింది. ఒక ఉదయం గాలి లేదు, మంచు నీళ్ళని అంటుకుని ఉంది. పొగగదిలో దండేల నిండా చేపలు. స్టీపన్ లోపల నిప్పు సర్దుతున్నాడు. ఫేనా వాగు దగ్గర బల్లమీద చేపలు కోస్తోంది, తుపాకీ బల్ల పక్కన కొక్కేనికి ఉంది. కాకులు ఒక్కసారిగా నోరు మూశాయి. ఆవిడ తలెత్తింది.

ఎలుగు బల్లకీ పొగగదికీ మధ్యన ఉంది. పొగగది తలుపు కేసి ముక్కు చాచి వాసన చూస్తోంది. లోపల స్టీపన్ దగ్గాడు. ఎలుగు చెవులు కదిలాయి.

ఫేనా తుపాకీ అందుకుంది. అందుకోడానికి పెట్టె అక్కర్లేకపోయింది. గురి చూడబోయి ఆగిపోయింది. ఎలుగు వెనకే పొగగది. పలచని చెక్కగోడ. ఈ తూటా ఎలుగుని తప్పినా, దాన్ని దాటినా, ఆ గోడ ఆపదు.

"స్టీపన్, బయటికి రాకు" అంది. అరవలేదు, కూరలో ఉప్పు చాలిందని చెప్పినట్టు చెప్పింది. దగ్గు ఆగిపోయింది.

ఫేనా పక్కకి నడవసాగింది. ఒక్కో అడుగూ వేసి, కింద గులకరాయి కుదురుకున్నాక మరో అడుగు. ఎలుగు ఆవిడతో పాటు తిరిగింది. పొగగది మెల్లగా దాని వీపు వెనక నుంచి పక్కకి జరిగింది. తర్వాత వాగు వచ్చింది. తర్వాత ఖాళీ కొండవాలు. అక్కడ ఆగింది. అప్పటికి ఎలుగు ఆవిడకి పూర్తిగా ఎదురుగా ఉంది, పళ్ళు టకటకలాడిస్తోంది. దూరం కిందటేటికన్నా తక్కువ.

దాని ముందు రాళ్ళలోకి పేల్చింది. ఎలుగు ఒక్క ఉదుటున ముందుకి వచ్చింది.

చేయి వెనక్కి వచ్చింది. దాంతో పిడీ వచ్చింది. ఖాళీ తూటా ఆవిడ కుడిచెవి పక్కనుంచి ఎగిరిపోయింది. ముందుకి తోసినప్పుడు లోపల ఏదో కూర్చున్న చప్పుడు అరచేతికి తగిలింది. ఎలుగు ఆగింది. దాని ఊపిరి ఆవిరి కనిపిస్తోంది. ఫేనా గురి దాని ఛాతీ మీద పెట్టింది, వేలు మీట మీద ఉంది. కిందటేడు వెళ్ళడమా ఉండడమా అన్నది ఎలుగు ఇష్టం. ఇప్పుడు ఈవిడ దాని కాళ్ళకేసి చూస్తోంది. ఇంకొక్క అడుగు పడితే చంపాలి, పడకపోతే అక్కర్లేదు.

అడుగు పడలేదు. ఒళ్ళు మాత్రం ముందుకి ఊగింది. ఫేనా గురి చేతెడు కిందికి దించి దాని ముంగాళ్ళ మధ్య రాళ్ళని పేల్చింది. రాతిముక్కలు మూతికి తగిలి ఎలుగు గిర్రున తిరిగి వాగులో పడి, నీళ్ళు చిమ్ముకుంటూ పొదల్లోకి పోయింది. అప్పటికే ఫేనా పిడి లాగి తోసేసింది. పొదలు కదలడం మానేసిన చాలాసేపటి వరకూ తుపాకీ దించలేదు.

స్టీపన్ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. పొగకి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముందుగా ఆవిడ నిలబడ్డ చోటు చూశాడు, తర్వాత వెనక్కి తిరిగి పొగగది గోడ చూశాడు. ఆ పక్కకి ఎందుకు నడిచిందో అతనికి చెప్పక్కర్లేకపోయింది. వంగి ఖాళీ తూటాలు ఏరి జేబులో వేసుకున్నాడు.

"లోపల ఇంకొకటి ఉందా?"

"ఉంది."

"ఉండనీ. అది మళ్ళీ రావచ్చు."

ఫేనా బల్ల దగ్గరికి వెళ్ళింది. కత్తి పట్టుకోబోయి పక్కన పెట్టింది. కాసేపు ఊరికే చేపలు కడిగింది.

సాయంత్రం మకార్ వలపనికి వచ్చేసరికి స్టీపన్ గుడిసె తలుపు దగ్గర ఉన్నాడు. పాత మేకు పీకేసి, ఎడంచేత్తో సుత్తి పట్టుకుని కొత్తది కొడుతున్నాడు. అలవాటు లేని చెయ్యి, మేకు వంకరగా దిగుతోంది. మకార్ కాసేపు చూశాడు.

"అంత కిందకా అన్నా? వస్తూపోతూ నా మోచేతికి గుచ్చుకుంటుంది."

"నీకెందుకు గుచ్చుకుంటుంది" అన్నాడు స్టీపన్, ఇంకో దెబ్బ వేస్తూ. "నువ్వుండేది ఊళ్ళో కదా."

మకార్ వంగి కిందపడ్డ పాత మేకు తీశాడు. వచ్చే ఏడు వల లాగడానికి మనిషి కావాలి కదా అన్నాడు. కావాలన్నాడు స్టీపన్.

ఫేనా లోపలికి వచ్చి తూటాలు తీసేసి తుపాకీని మేకుకి తగిలించింది. మేకు వంకరగా ఉండటం వల్ల తుపాకీ కొంచెం ఒరిగి వేలాడింది. దాన్ని సరిచేయకుండా, పొగ ఎలా ఉందో చూడటానికి వెళ్ళింది.